ఎడమకాలి పందెం

పిల్లలూ, మా ఇల్లు అలిపిరి దగ్గర. తిరుపతి నుంచి కొండకు నడిచిపోయేవాళ్ల మెట్లు మొదలయ్యే చోటు అదే. తెల్లవారుజామునే పాదాల మండపం దగ్గర జనం చేరతారు. అక్కడి నుంచి కొండమీదికి 3,550 మెట్లు.

మా ఇంటికి కొంచెం అవతల ఒక ఖాళీ జాగా ఉంది. సాయంకాలం బడి వదలగానే చుట్టుపక్కల పిల్లలంతా అక్కడ చేరి ఫుట్‌బాల్ ఆడతారు. నేను ఉద్యోగం విరమించాక, ఆ వేళకు అరుగు మీద కూర్చుని వాళ్ల ఆట చూడటం అలవాటు చేసుకున్నాను.

వాళ్లలో ఒక కుర్రవాడు మహా గట్టివాడు. బంతి వాడికి దొరికిందంటే ఇక ఎవరికీ ఇవ్వడు. కుడికాలితో తన్నాడంటే బంతి రివ్వున పోతుంది. అయితే ఒక చిక్కు ఉంది. బంతి ఎడమపక్కకు వస్తే మాత్రం వాడు గిర్రున తిరిగి, దాన్ని కుడికాలి దగ్గరికి తెచ్చుకున్న దాకా తన్నలేడు. ఆ తిరిగే లోపల ఎవరో ఒకరు వచ్చి బంతి తన్నుకుపోతారు. వీడు "ఫౌల్, ఫౌల్!" అని అరుస్తాడు.

ఒకనాడు వాణ్ణి దగ్గరికి పిలిచి, "ఏం నాయనా, కొండ మెట్లు కూడా ఒక్క కుడికాలితోనే ఎక్కుతావా?" అని అడిగాను.

"అదెట్లా అవుతుంది అయ్యవారూ? రెండు కాళ్లూ వెయ్యాల కదా!" అన్నాడు వాడు.

"మరి ఆటకు రెండో కాలు ఎందుకు తెచ్చినావు? ఇంట్లోనే పెట్టి రాకపోయినావా?" అన్నాను.

అందరూ పకపకా నవ్వారు. ఆ పూట నేనొక పందెం పెట్టాను. అందరూ ఎడమకాలితోనే తన్నాలి. కుడికాలు తగిలిందా, బంతి అవతలి జట్టుది. ఇక చూడండి తమాషా! గట్టివాడు మూడుసార్లు గాలిని తన్ని వెల్లకిలా పడ్డాడు. రోజూ ఒక మూల నిలబడి, ముళ్లపొదల్లో పడిన బంతి తెచ్చి ఇచ్చే పిల్లవాడు ఒకడున్నాడు. వాణ్ణి ఆటలోకి ఎవరూ పిలిచేవారు కారు. వాడిది ఎడమకాలి వాటమని ఆ పూట దాకా ఎవరికీ తెలియదు. వాడు రెండు గోల్స్ కొట్టాడు!

ఈ పందెం నేను కనిపెట్టింది కాదు. చాలా ఏళ్ల కిందట హైదరాబాదులో ఒక బడిపంతులు తన ఊరి కుర్రవాళ్లకు పెట్టిన పందెం ఇది. ఆ పంతులే తరువాత మన దేశపు జట్టుకు శిక్షకుడై, ఆసియా ఖండంలోని దేశాలన్నిటి మీదా రెండుసార్లు గెలిపించి, బంగారు పతకాలు తెచ్చాడు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన దగ్గర ఆడినవాళ్లు "రహీం సాబ్" అనేవారు. ఆయన కథ మీకు చెబుతాను.

రహీంగారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టాడు. అప్పట్లో ఆ ఊరు నిజాం నవాబు పాలనలో ఉండేది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదువుతూ, అక్కడి జట్టులో ఫుట్‌బాల్ ఆడాడు. తరువాత ఊళ్లో కమర్ క్లబ్బు తరఫున కూడా ఆడాడు. చదువు అయ్యాక పంతులు పనిలో చేరాడు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు—ఇవీ ఆయన పాఠాలు చెప్పిన బళ్లు. కొంతకాలానికి వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పుచ్చుకుని, బడిలో ఆటల బాధ్యత నెత్తిన వేసుకున్నాడు.

మీ బడిలో కూడా డ్రిల్లు మాస్టరు ఉంటాడు. లెక్కల మాస్టరుకిచ్చే గౌరవం చాలామంది ఆయనకివ్వరు. పరీక్షలు దగ్గరికి వస్తే మొదట ఎగిరిపోయేది ఆటల పీరియడే. నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు ఆ పని స్వయంగా చేసినవాణ్ణే కనక, ఈ మాట చెప్పటానికి నాకు సిగ్గుగానే ఉంది. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. బాగా ఆడే పదకొండుమందినీ ఏరి, బంతి వాళ్ల చేతికిచ్చి, మిగిలిన పిల్లలను గట్టున కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించాను. పాఠం చెప్పేటప్పుడు అలా చేస్తామా? తెలివిగల పదిమందికే ఎక్కాలు చెప్పి, మిగిలినవాళ్లను వింటూ ఉండమంటామా?

రహీంగారు ఆటను పాఠం లాగానే చెప్పాడు. అదే ఆయన గొప్ప. 1940లలో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. చిన్నవాళ్ల కోసం చిత్రమైన పోటీలు పెట్టించాడు. ఒక పోటీలో, వాటం లేని కాలితోనే ఆడాలి. ఇంకొక పోటీలో, బంతిని కాళ్ల దగ్గర తిప్పుకుంటూ ఒంటరిగా తీసుకుపోకూడదు. దాన్నే ఆటగాళ్లు డ్రిబ్లింగ్ అంటారు. బంతి రాగానే ఒక్క తాపుతో తోటివాడికి అందించాలి.

ఇందులో కిటుకు ఏమిటో ఆలోచించండి. మనిషి ఎంత వేగంగా పరిగెత్తినా బంతితో సమానంగా పరిగెత్తలేడు. బంతిని మీ దగ్గరే పెట్టుకుని పరిగెత్తితే అది మీ వేగంతోనే పోతుంది. తోటివాడికి అందిస్తే దాని వేగంతో అది పోతుంది. ఎదుటివాళ్లు మీ చుట్టూ మూగే లోపల అది మరొకచోట ఉంటుంది. అయితే ఇలా అందించాలంటే, బంతి రాకముందే ఎవరెక్కడ ఉన్నారో చూసి పెట్టుకోవాలి. అంటే కాలికంటే ముందు కంటికీ, బుద్ధికీ పని. డ్రిబ్లింగ్ వద్దనేసరికి పిల్లలు తలెత్తి చూడటం నేర్చుకున్నారు.

ఎడమకాలి సంగతీ అంతే. మన మెదడులో ఎడమ సగం ఒంటికి కుడిపక్కనూ, కుడి సగం ఎడమపక్కనూ ఆడిస్తాయి. మనం రోజూ ఒక కాలితోనే తన్నుతూ ఉంటే, ఆ కాలికి ఆజ్ఞలు పంపే దారి బాగా నలుగుతుంది. రెండోది నడవని దారి లాగా పిచ్చిమొక్కలు మొలిచి ఉంటుంది. నడిస్తే అదీ దారే అవుతుంది. మొదట్లో గాలిని తన్ని పడటం తప్పదు. ఇటువంటి పందెంలో ఇంకొక లాభం ఉంది. వాటమైన కాలు పక్కన పెట్టేసరికి, గట్టివాడూ కొత్తవాడూ ఒక్క చోటే నిలబడతారు. ఎవరు నిజంగా నేర్చుకుంటున్నారో పంతులుకు అప్పుడు తెలుస్తుంది.

ఇక హైదరాబాదు పోలీసుల కథ వినండి. 1950లో రహీంగారు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇవ్వసాగాడు. బొంబాయిలో రోవర్స్ కప్పు అనే పెద్ద పోటీ జరిగేది. దేశంలోని పేరుమోసిన జట్లన్నీ దానికి వచ్చేవి. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు ఆ కప్పు హైదరాబాదు పోలీసులదే! ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకునే రోజుల్లో దక్కను నుంచి వచ్చిన ఈ పోలీసులను చూసి జనం ఆశ్చర్యపోయారు. 1956-57లోనూ, 1957-58లోనూ రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ కూడా హైదరాబాదు జట్టే గెలిచింది.

ఆయన భారత జట్టుకు శిక్షకుడయినది కూడా 1950లోనే. 1951 మార్చిలో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగాయి. చివరి ఆటలో మనవాళ్లు ఇరాన్‌ను ఒక గోలు తేడాతో ఓడించారు. ఆ గోలు కొట్టినవాడు మేవాలాల్. దేశానికి బంగారు పతకం వచ్చింది.

మరుసటి ఏడు ఏమయిందో తెలుసా? 1952లో ఫిన్లాండు దేశపు హెల్సింకీలో ఒలింపిక్ పోటీలు. మనవాళ్లకు మొదటి ఆటే యుగోస్లావియాతో పడింది. మనవాళ్లు ఓడిపోయారు. ఓడిపోవటమంటే అలా ఇలా కాదు, పది గోల్స్‌కు ఒకటి!

అప్పట్లో మన ఆటగాళ్లు చాలామంది వట్టి కాళ్లతో ఆడేవారు. 1948లో లండన్‌లో కూడా అలాగే ఆడి, ఫ్రాన్సు చేతిలో రెండుకు ఒకటిగా ఓడిపోయారు. వట్టి పాదానికి బంతి బాగా తెలుస్తుంది, నిజమే. కాని తడి గడ్డి మీద వట్టి పాదం జారుతుంది. బూటు అడుగున ఉండే బొడిపెలు నేలను పట్టుకుంటాయి. పైగా ఎదుటివాడు బూటుకాలు విసురుతూ వస్తుంటే, వట్టికాలు అడ్డం పెట్టటానికి ఎంత ధైర్యం కావాలో మీరే ఊహించండి. హెల్సింకీ తరువాత మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

పది గోల్స్ తిని వచ్చిన జట్టు శిక్షకుడు ఏం చెయ్యాలి? కొందరు నేలను తిడతారు. కొందరు ఆటగాళ్లను తిడతారు. రహీంగారు మళ్లీ పాఠం మొదలుపెట్టాడు. జట్టులోకి కొత్త కుర్రవాళ్లను తెచ్చాడు. వేగం, దమ్ము, ఒక్క తాపుతో బంతి అందించటం—తాను చిన్నపిల్లలకు నేర్పినవే పెద్దవాళ్లకూ నేర్పాడు.

నాలుగేళ్లు గడిచాయి. 1956లో ఆస్ట్రేలియా దేశపు మెల్‌బోర్న్‌లో ఒలింపిక్స్. డిసెంబరు 1న మన జట్టు ఆస్ట్రేలియాతో, వాళ్ల సొంత గడ్డ మీదనే ఆడి, నాలుగుకు రెండుగా గెలిచింది. నాలుగింటిలో మూడు గోల్స్ నెవిల్ డిసౌజా కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒకే ఆటలో మూడు గోల్స్ కొట్టిన మొదటి ఆసియావాడు అతనే. సెమీఫైనల్లో మళ్లీ ఆ యుగోస్లావియాయే ఎదురయింది. ఈసారి మొదటి గోలు మనదే! తరువాత వాళ్లు నాలుగు కొట్టి గెలిచారు. కంచు పతకం కోసం జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో కూడా ఓడి, మనవాళ్లు నాలుగో స్థానంతో తిరిగివచ్చారు. అంతకు మించి ఎత్తుకు ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనం ఇంతవరకు ఎక్కలేదు.

ఆ మెల్‌బోర్న్ జట్టులో తులసీదాస్ బలరాం అనే కుర్రవాడున్నాడు. సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడలో పేద ఇంట పుట్టాడు. రహీంగారు అతని ఆట చూసి, హైదరాబాదు జట్టుతో కలిసి సాధన చెయ్యటానికి రమ్మన్నాడు. అంత దూరం రోజూ రావటానికి తన దగ్గర డబ్బు లేదన్నాడు బలరాం. రహీంగారు సైకిలు అద్దెకు తెచ్చుకోమని రూపాయి ఇచ్చాడు. పెద్దవాడయ్యాక బలరాం ఈ సంగతి చెప్పుకునేవాడు. మన దేశపు అత్యుత్తమ ఆటగాళ్లలో ఒకడని పేరు పొంది, 2023లో కన్నుమూశాడు. ఇప్పటి లెక్కలో రూపాయి ఏపాటిది అంటారేమో. రూపాయి సంగతి అలా ఉంచండి. పిల్లవాడు రాలేదంటే పొగరని అనుకోక, ఎందుకు రాలేకపోతున్నాడో కనుక్కున్నాడు చూశారూ, ఆ సంగతి నాకు నచ్చింది.

రహీంగారి కొడుకు హకీం కూడా మంచి ఆటగాడే. 1960లో రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టులో అతను ఉన్నాడు. మన జట్టు మూడు ఆటలు ఆడింది. హంగరీ చేతిలో రెండుకు ఒకటిగా ఓడింది, ఫ్రాన్సుతో ఒకటికి ఒకటిగా సమం చేసింది, పెరూ చేతిలో మూడుకు ఒకటిగా ఓడింది. ఈ మూడింటిలో ఒక్కదానిలోనూ హకీం మైదానంలో అడుగు పెట్టలేదు. పదకొండుమందిని నిలబెట్టే అధికారం తండ్రిది! ఆ రాత్రులు తండ్రీ కొడుకులు ఏం మాట్లాడుకున్నారోగాని, హకీం ఆ ఆటను వదలలేదు. తరువాత వైమానిక దళంలో అధికారి అయ్యాడు, అంతర్జాతీయ రిఫరీ అయ్యాడు, శిక్షకుడూ అయ్యాడు. 2017లో ఆయనకు ధ్యాన్‌చంద్ పురస్కారం వచ్చింది. 2021లో చనిపోయాడు.

ఇక జకార్తా సంగతి. 1962లో ఇండొనీషియా రాజధాని అయిన ఆ ఊళ్లో నాలుగో ఆసియా క్రీడలు జరిగాయి. అప్పటికే రహీంగారి ఊపిరితిత్తులలో క్యాన్సర్ చేరింది. ఒంట్లో శక్తి సన్నగిల్లుతున్నా ఆయన జట్టుతో వెళ్లాడు.

మొదటి ఆటలోనే మనవాళ్లు దక్షిణ కొరియా చేతిలో రెండు గోల్స్‌తో ఓడిపోయారు. తరువాత థాయిలాండు మీద గెలిచారు గాని, ఆ ఆటలో జర్నైల్ సింగ్‌కు తలకు పెద్ద దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జర్నైల్ సింగ్ అంటే మన వెనకవరసకు కోటగోడ. తరువాత జపాను మీద కూడా గెలిచి సెమీఫైనల్‌కు వచ్చేసరికి రహీంగారికి పెద్ద చిక్కు వచ్చిపడింది. కోటగోడకు దెబ్బ తగిలింది, ఏం చెయ్యాలి?

ఆయన చేసిన పని విని ఎవరయినా నోరు తెరవవలసిందే. తలకు కట్టు ఉన్న ఆ మనిషిని వెనక నుంచి తీసి, గోల్స్ కొట్టే ముందు వరసలో నిలబెట్టాడు! జర్నైల్ సింగ్ చదువుకునే రోజుల్లో ముందు వరసలో ఆడేవాడు. ఆ సంగతి రహీంగారికి గుర్తుంది. మంచి పంతులుకు తన పిల్లల పాత సంగతులన్నీ గుర్తుంటాయి. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద మనవాళ్లు మూడుకు రెండుగా గెలిచారు. ఆ మూడింటిలో ఒకటి జర్నైల్ సింగ్‌ది, రెండు కెప్టెన్ చునీ గోస్వామివి.

1962 సెప్టెంబరు 4న చివరి ఆట. ఎదుట మళ్లీ దక్షిణ కొరియా. మైదానం చుట్టూ సుమారు లక్షమంది జనం, వాళ్లందరికీ మన మీద కోపం! ఎందుకంటే, ఆ క్రీడలకు ఇజ్రాయెల్‌నూ, తైవాన్‌నూ రానివ్వకపోవటం తప్పని మన దేశపు క్రీడాధికారి ఒకాయన పైకి అన్నాడు. ఆ కోపం ఆటగాళ్ల మీదికి మళ్లింది. మనవాళ్లు బంతి తాకితే చాలు, జనం గేలి చేశారు. అంత జనంలో మనవాళ్ల కోసం చప్పట్లు కొట్టినవాళ్లు ఎవరో తెలుసా? హాకీలో అంతకుముందే మనలను ఓడించి బంగారం గెలుచుకున్న పాకిస్తాన్ ఆటగాళ్లు! మన జట్టువాడైన పి.కె. బెనర్జీ తరువాత ఎన్నోసార్లు ఈ సంగతి తలుచుకున్నాడు.

ముందు రోజు రాత్రి రహీంగారు తన ఆటగాళ్లను కూర్చోబెట్టి, తనకొక కానుక కావాలన్నాడట. రేపటి బంగారమే ఆ కానుక.

జ్వరంతో కిందటి ఆటలకు దూరంగా ఉన్న గోల్కీపరు పీటర్ తంగరాజ్‌ను ఆ రోజు దింపాడు. తంగరాజ్ హైదరాబాదులోనే పుట్టినవాడు, ఆరడుగులు దాటిన పొడగరి. జట్టును వెనక నలుగురు, మధ్య ఇద్దరు, ముందు నలుగురుగా నిలబెట్టాడు. అంతకు నాలుగేళ్ల ముందు బ్రెజిల్ ప్రపంచ కప్పు గెలిచినది ఈ వ్యూహంతోనే. బలరాం ఉన్నాడు, హైదరాబాదు వాడే అయిన యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. జర్నైల్ సింగ్ మళ్లీ ముందు వరసలోనే ఉన్నాడు.

ఆట మొదలయి ఇరవై నిమిషాలు తిరిగేసరికి మనవి రెండు గోల్స్. మొదటిది పి.కె. బెనర్జీ కొట్టాడు. రెండోది తలకు దెబ్బ తగిలిన జర్నైల్ సింగ్! ఆట ముగియవచ్చే వేళకు కొరియావాళ్లు ఒకటి కొట్టి గుండెలదరగొట్టారు గాని, మిగిలిన ఆ నాలుగైదు నిమిషాలూ మనవాళ్లు నిలబడ్డారు. రెండుకు ఒకటి. పంతులు అడిగిన కానుక అందింది.

తిరిగి వచ్చాక రహీంగారు మంచం పట్టాడు. 1963 జూన్ 11న చనిపోయాడు. అప్పటికి ఆయనకు యాభైనాలుగేళ్లు నిండలేదు. అప్పుడు నేను పసివాణ్ణి. ఆయన పేరు విన్నది నేను పంతులునయ్యాకనే. 2024లో "మైదాన్" అనే హిందీ సినిమా వచ్చాక మీలో కొందరు విని ఉంటారు. సినిమాలో కొంత కల్పన ఉండనే ఉంటుంది, చూసేటప్పుడు అది గుర్తుంచుకోండి. ఆయన పోయిన తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో బంగారు పతకం మనకు ఇంతవరకు రాలేదు. 1970లో కంచు పతకం వచ్చింది, అంతే. ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు ఆడటం కూడా రోమ్‌తోనే ఆఖరు.

మా అలిపిరి పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడు, ఆ గట్టి కుర్రవాడు అంతా విని, "అయ్యవారూ, మరి రహీం సాబ్‌ది ఏ కాలి వాటం?" అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. వాడు నా జవాబు కోసం ఆగలేదు కూడా. ఇప్పుడు వారానికొకసారి, శుక్రవారం నాడు, ఎడమకాలి పందెం జరుగుతున్నది. ముళ్లపొదల్లో బంతి పడితే, ఎవరు తన్నారో వాళ్లే పోయి తెచ్చుకోవాలని పిల్లలు తమలో తామే ఒక నిబంధన కూడా పెట్టుకున్నారు.